జ్వరం తగ్గాక మిగిలిన మచ్చ

ఇసుక ఈగ కాటుతో ఒంట్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జ్వరం, కాలా అజార్‌ను దాదాపు జయించామన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: ఈ లెక్క అంతా జ్వరానిదే, మచ్చ సంగతేమిటి? పదివేల జనాభాకు ఏడాదికి ఒక కేసు కన్నా తక్కువ ఉండాలన్న లక్ష్యాన్ని దేశంలోని బ్లాకులన్నీ 2023 నాటికి చేరుకున్నాయి. అది చిన్న విజయమేమీ కాదు. అయితే మన దేశంలో కాలా అజార్ నయమైన వారిలో 5 నుంచి 10 శాతం మందికి, నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో, ముఖం మీద, ముఖ్యంగా నోటి చుట్టూ, గడ్డం మీద తెల్లని మచ్చలో బుడిపెలో వస్తాయి. వైద్యుడు ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1922లోనే వర్ణించిన ఈ రూపాన్ని బీహార్ పల్లెల్లో 'చమ్డీ వాలా కాలాజార్' అంటారు.

ఆ మచ్చ నొప్పి పెట్టదు, దురద పెట్టదు, కూలికి పోకుండా ఆపదు. కుష్ఠు మచ్చను దూదితో తాకితే స్పర్శ తెలియదు, దీనిమీద తెలుస్తుంది. కానీ పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు దూది పట్టుకుని రారు కదా! వాళ్లకు తెలిసినవి రెండే, బొల్లి, కుష్ఠు. రెంటిలో ఏది అనుకున్నా సంబంధం తప్పిపోతుంది.

ఈ మచ్చలో పరాన్నజీవి సజీవంగా ఉంటుంది. దోమలో మూడో వంతు ఉండే ఇసుక ఈగ, మట్టిగోడ పగుళ్లలోనూ పశువుల కొట్టంలోనూ పగలంతా దాక్కుని, రాత్రి చప్పుడు లేకుండా వచ్చి మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరి కుడుతుంది. మచ్చలున్న మనిషిని కుట్టిన ఈగకు పరాన్నజీవి సోకుతుందని పరిశోధనల్లో రుజువైంది. మలేరియా కోసం చల్లిన డీడీటీతో 1950ల తర్వాత అణగిపోయిన కాలా అజార్ 1970లలో బీహార్‌లో మళ్లీ విజృంభించింది. మధ్య కాలంలో అది ఎక్కడ తలదాచుకుందన్న ప్రశ్నకు చాలామంది నిపుణులు ఈ మచ్చలవైపే వేలు చూపుతారు.

అంటే తనకు ఏ బాధా లేని మనిషిని, ఊరి క్షేమం కోసం మందు మింగమని అడుగుతున్నాం. జ్వరం రోగికి ఇప్పుడు ఒక్క రోజు నరంలోకి ఎక్కించే మందుతో చికిత్స ముగుస్తుంది. మచ్చల రోగి మిల్టెఫోసిన్ మాత్రలు 12 వారాలు వాడాలి. వాంతులు, కొందరికి కంటి ఇబ్బందులు తప్పవు. గర్భంలోని బిడ్డకు హాని చేసే మందు కనుక అది వాడేటప్పుడు, ఆ తర్వాత కొన్ని నెలలు గర్భం రాకూడదు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఈ సంగతి అత్తగారికి ఏమని చెప్పుకుంటుంది? ఇక ప్రభుత్వం ఇచ్చే పరిహారం చూడండి: బీహార్‌లో జ్వరం రోగికి 7,100 రూపాయలు, మచ్చల రోగికి 4,000. ఒక రోజు వైద్యానికి ఎక్కువ, పన్నెండు వారాలకు తక్కువ అన్న ఈ లెక్క, రోజుకూలీ మీద బతికే ముసహర్ (బీహార్‌లోని నిరుపేద దళిత కులం) కుటుంబాన్ని మనసులో పెట్టుకుని వేసినదని నేను నమ్మలేను.

ఇంటింటి సర్వేకు వచ్చిన ఆశా కార్యకర్త "ఎవరికైనా జ్వరం ఉందా?" అని మాత్రమే అడిగితే, తలుపు వెనుక కొంగుతో గడ్డం కప్పుకున్న కోడలు "లేదు" అనే అంటుంది. అది అబద్ధం కూడా కాదు.