తగరం పోయాక ఇపో అమ్ముతున్న సరుకు

1985 అక్టోబరు 24న లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తగరం వ్యాపారం ఆపేశారు. ధర పడిపోకుండా ఏళ్ల తరబడి సరుకు కొని నిల్వ పెడుతూ వచ్చిన అంతర్జాతీయ తగర మండలి చేతులెత్తేసింది. అప్పటికి ప్రపంచంలో తగరం ఎక్కువగా తీసే దేశం మలేసియా. అక్కడ తగరానికి పుట్టినిల్లు పేరాక్ రాష్ట్రంలోని కింతా లోయ, ఆ లోయకు పెద్ద ఊరు ఇపో. కొద్ది నెలల్లోనే ధర ఇంచుమించు సగమైంది. గనులు వరసగా మూతపడ్డాయి. కుర్రకారు కౌలాలంపూర్‌కో సింగపూర్‌కో పని వెతుక్కుంటూ పోయారు. మిలియనీర్ల ఊరని పేరుపడ్డ ఇపో ముసలివాళ్ల ఊరనిపించుకుంది.

ఇప్పుడు శని, ఆదివారాల్లో పాత బస్తీలో కాలు పెట్టడానికి చోటుండదు. 2010లో ఎలక్ట్రిక్ రైలు వచ్చాక కౌలాలంపూర్ నుంచి ప్రయాణం రెండున్నర గంటలే. 2014లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిక్ గీసిన గోడ బొమ్మల ముందు సెల్ఫీలు, ఊరికి పేరు తెచ్చిన వైట్ కాఫీ, బీన్ మొలకలతో వడ్డించే కోడికూర, ఆపైన ‘ఉంపుడుగత్తెల సందు’లో షాపింగ్. ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి. చచ్చిపోయిందనుకున్న ఊరు బతికిందని టూరిజం శాఖలు మురిసిపోవడంలో తప్పు లేదు. కాకపోతే బతికింది ఏ ఇపో అన్నదే నా అనుమానం.

అసలు పాత బస్తీ ఎందుకు మిగిలిందో చూడండి. 1892 అగ్నిప్రమాదం తర్వాత తిన్నని వీధులతో మళ్లీ కట్టిన ఊరు ఇది. 1909 నాటి గడియార స్తంభం, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ హబ్బక్ డిజైన్ చేసిన 1917 నాటి రైల్వే స్టేషన్ ఇప్పటికీ ఉన్నాయి. వీటిని కాపాడింది వారసత్వం మీద ప్రేమ కన్నా చేతిలో డబ్బు లేకపోవడమే అంటాను. కౌలాలంపూర్‌లో పాతవి కూల్చి టవర్లు లేపుతుంటే, ఇపోలో కూల్చి కట్టేంత గిరాకీ లేదు. పైగా దేశమంతటా అమల్లో ఉన్న అద్దె నియంత్రణ చట్టం వల్ల యజమానులకు వచ్చే అద్దె రిపేర్లకు కూడా చాలేది కాదు. 2000 జనవరిలో ఆ నియంత్రణ పోయాక పాత కిరాయిదారుల్లో చాలామంది ఖాళీ చేశారు. అలా ఖాళీ అయిన కొట్లలోకే తర్వాత కెఫేలు వచ్చాయి. అంటే ఊరిని కాపాడింది బీదరికం. ఇకమీదట దాన్ని చెడగొట్టే సత్తా ఉన్నది డబ్బుకే.

ఈ కట్టడాలన్నీ తగరం తెచ్చిన సొమ్ముతో లేచినవి. తగరం తీసిన పని మాత్రం ఊరి బయట జరిగింది. గొట్టంలోంచి పెద్ద ఒత్తిడితో వచ్చే నీటిని గట్టు మీదికి కొడితే మట్టి కరిగి బురదై గుంటలోకి దిగేది. ఆ బురదను పంపుతో ఎత్తైన కొయ్య మంచె మీదికి ఎక్కించేవారు. దాన్ని ‘పాలోంగ్’ అంటారు. ఏటవాలు కాలువలో అడ్డంగా బిగించిన చెక్కల దగ్గర బరువైన ఖనిజం ఆగిపోయేది, ఇసుక కొట్టుకుపోయేది. ఆ పోయిన నీళ్లలో ఆడవాళ్లు మోకాళ్ల లోతున వంగి నిలబడి, ‘దులాంగ్’ అనే చెక్క పళ్లెం తిప్పుతూ మిగిలిన నలుసులు ఏరుకునేవారు. దానికీ పర్మిట్ కావాలి! పంతొమ్మిదో శతాబ్దంలోనైతే పెట్టుబడి పెట్టిన షావుకారే కూలీలకు బియ్యం, నల్లమందు అరువిచ్చి, చివర్లో జీతంలో కోసుకునేవాడు.

ఇదంతా చూడాలంటే కాస్త కష్టపడాలి. హక్కా అనే చైనా తెగకు చెందిన గని యజమానుల క్లబ్బు హాన్ చిన్ పెట్ సూ ఇప్పుడు మంచి మ్యూజియం. జూదం, నల్లమందు, వ్యభిచారం, ముఠాలు దేన్నీ దాచకుండా చూపిస్తుంది. తాన్‌జుంగ్ తువాలాంగ్ దగ్గర 1938లో కట్టిన 4,500 టన్నుల డ్రెడ్జర్, అంటే నీళ్ల మీద తేలుతూ అడుగు మట్టిని తవ్వి తగరం తీసే యంత్రం, నీళ్ల మీద నిలబడి ఉంది. 1982 దాకా పనిచేసింది. నన్నడిగితే కింతా లోయలో చూడాల్సిన మొదటి వస్తువు అదే. కానీ అది సొంత కారో టాక్సీయో ఉంటే తప్ప చేరలేని దూరంలో ఉంది. రైలు దిగిన జనం కాఫీ దగ్గరే ఆగిపోతారు.

మిగిలిన గుంటల్లో నీళ్లు నిండి చెరువులయ్యాయి. కొన్నిట్లో చేపలు పెంచుతున్నారు, కొన్నిటికి కొంగలు వస్తాయి. కంపార్‌లో అలాంటి చెరువుల పక్కనే యూనివర్సిటీ క్యాంపస్ వెలిసింది.

కాఫీ లెక్క కూడా చూద్దాం. ఇపోలో పుట్టి పెద్ద బ్రాండైన ఓల్డ్ టౌన్ వైట్ కాఫీ 2018లో నెదర్లాండ్స్ కంపెనీ జేకబ్స్ డౌ ఎగ్‌బర్ట్స్ చేతికి వెళ్లింది. ఒకప్పుడు తగరం లాభాలు లండన్ షేర్‌హోల్డర్లకు చేరేవి. 2020 లాక్‌డౌన్‌లో టూరిస్టులు లేక వీధులు ఖాళీ అయినప్పుడు, ఒకే సరుకు మీద బతకడమంటే ఏమిటో ఊరికి మళ్లీ తెలిసొచ్చింది.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి, కాబట్టి మనవాళ్లు ఇపో దాకా వెళ్లడం కష్టమేం కాదు. వెళ్లినవాళ్లు బాటు గజా దగ్గరి కెల్లీస్ కాజిల్ కూడా చూడొచ్చు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన తోటల యజమాని విలియం కెల్లీ స్మిత్ మద్రాసు నుంచి పనివాళ్లను రప్పించి కట్టించుకున్న భవనం అది. 1926లో ఆయన చనిపోవడంతో సగంలోనే ఆగింది. పక్కనే ఆ కూలీల గుడి ఉంది. మన తెలుగువాళ్లు పేరాక్‌లో ఎక్కువగా బగాన్ దాతో వైపు తోటల్లో కుదురుకున్నారు. గనుల కథలో వాళ్ల పాత్ర తక్కువే.

ఇపోలో ఇప్పుడు చేయాల్సిన పని తెలుస్తూనే ఉంది. స్టేషన్ నుంచి డ్రెడ్జర్‌కు శని, ఆదివారాలైనా బస్సు వేయాలి. గనుల్లో పనిచేసినవాళ్లను గైడ్లుగా పెట్టుకోవాలి. 1985లో పాతికేళ్లున్న మనిషికి ఇప్పుడు అరవై దాటింది. ఇది వాయిదా వేసే పని కాదు. మన పొరుగున కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడ సైనైడ్ మట్టి దిబ్బలు, కార్మికుల ఇళ్ల వరసలైన ‘లైన్లు’, దొరల బంగళాలు ఇంకా ఉన్నాయి. ఎప్పుడైనా అక్కడ టూరిజం మాట వస్తే, టికెట్ కౌంటర్ బంగళాల దగ్గర కాకుండా లైన్ల దగ్గర పెట్టమని ముందే అడిగి ఉంచాలి.