‘ఈ ఏటి మేటి ఆల్బమ్‌ల’ జాబితా గారికి ఒక క్రీడాభిమాని వ్రాయునది

మహారాజశ్రీ జాబితా గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నా కుడి మోకాలు తప్ప తక్కినదంతా క్షేమం. తమరి క్షేమం గురించి వేరే అడగనక్కరలేదు. డిసెంబరు నెల కదా, ఎటు చూసినా తమరే కళకళలాడుతూ కనిపిస్తున్నారు.

తమరితో నా పరిచయం పాతదే. ఏటా ఇదే వేళకు వచ్చి, ఏడాది పొడుగునా నేను విన్న సంగీతాన్నంతా పది పేర్లకు కుదించి, ఒకటి నుంచి పది దాకా అంకెలు తగిలించి ఇస్తే గాని తమరు గుమ్మం దిగరు. ఇందులో తమరి బలవంతం ఎంత, నా బలహీనత ఎంత అన్నది ఈసారైనా తేల్చుకుందామని కలం పట్టాను. నేను ఆటల పిచ్చివాణ్ణి. రెండు చీమలు ఒకే దిక్కుగా పాకుతుంటే ఏది గెలుస్తుందోనని నిలబడి చూసే రకం. నేను ప్రాణం పెట్టుకున్న జట్టు ఈ సీజనులో ఎలా ఆడిందో అడగవద్దు. పాయింట్ల పట్టికను కింది నుంచి పైకి చదివేవారికి ఆ పేరు వెంటనే దొరుకుతుంది. అందుచేత నా మాట చెల్లే పట్టిక ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది తమరొక్కరే. ఇక్కడ సెలెక్టరును నేనే, కెప్టెనును నేనే, అంపైరును నేనే, చప్పట్లు కొట్టే జనాన్నీ నేనే. ఇన్ని పదవులు ఒంటిచేత్తో వెలగబెడుతూ కూడా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆల్బమ్‌ను ఈ ఏడు నాలుగో స్థానంలో పెట్టవలసి వచ్చింది. ‘తాను మునిగింది గంగ, తాను వలచింది రంభ’ అన్న సామెత అభిమానికి చెల్లుతుంది గాని అంపైరుకు చెల్లదు కదా. అసలు ఆ నాలుగో స్థానం ఎలా వచ్చిందో విన్నవించుకోవడానికే ఈ లేఖ.

మొదటి పేచీ అంకె దగ్గరే. పదే ఎందుకు? జట్టంటే పదకొండు మంది. ధాటిగా మొదలుపెట్టే రెండు ఆల్బమ్‌లు ఓపెనర్లు. ఇంటి పనికీ కొండదారికీ పనికొచ్చేది ఆల్‌రౌండరు. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోని, లేనినాడు మాత్రం వెలితి తెలిసే ఆ ఒక్కటీ వికెట్‌కీపరు. ఇంత చక్కటి జట్టును కూర్చి తెస్తే తమరు పదితోనే ఆపేస్తారు. ఏటా ఒక బౌలరును మైదానం బయట కూర్చోబెట్టి ఆడవలసి వస్తోంది.

ఇది నాకు మాత్రమే పట్టిన జాడ్యం కాదని తెలిసి కొంత ఊరట పొందాను. న్యూయార్క్ వారపత్రిక ‘ది విలేజ్ వాయిస్’ 1971లో మొదలుపెట్టి, 1974 నుంచి దశాబ్దాల పాటు నడిపిన ‘పాజ్ అండ్ జాప్’ ఓటింగులో ఒక్కో విమర్శకుడి చేతికి 100 పాయింట్లు ఇచ్చి, పది ఆల్బమ్‌లకు పంచమనేవారు. దేనికీ 30కి మించకూడదు, 5కు తగ్గకూడదు. ఆటగాళ్ల వేలానికి ఇంతకన్నా పకడ్బందీ నిబంధనలు ఉండవు. నేనూ ఆ పద్ధతినే పట్టుకుని ఒక రాత్రంతా పంపకాలు చేశాను. తెల్లవారేసరికి రెండు ఆల్బమ్‌లు చెరి పదమూడు పాయింట్లతో సమంగా నిలిచాయి. అప్పుడు 2019 ప్రపంచకప్ ఫైనల్ గుర్తుకు వచ్చింది. మ్యాచ్ సమమై, సూపర్ ఓవరూ సమమై, చివరకు ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారో లెక్కపెట్టి ఇంగ్లండును విజేతగా తేల్చారు. ఆ నిబంధనను న్యాయం కాదని కొద్ది నెలలకే ఎత్తివేశారు, నేను మాత్రం పావుగంట సేపు దానినే వాడుకున్నాను. వింటున్నప్పుడు నాకు తెలియకుండానే చెయ్యి పైకి లేచిన సందర్భాలు ఒకదానికి ఆరు, రెండోదానికి నాలుగు. తీర్పు వెలువడింది. ఓడిన ఆల్బమ్ ముఖం చూడలేక ఆ పూట పాటలే పెట్టలేదు.

(అమ్మకాలను బట్టి పాటలకు ర్యాంకులిచ్చే అమెరికా పత్రిక బిల్‌బోర్డు వారి లెక్క మరీ విచిత్రం. 2014 డిసెంబరులో స్ట్రీమింగును లెక్కలోకి తీసుకున్నప్పుడు, 1,500 సార్లు పాటలు మోగితే ఒక ఆల్బమ్ కొన్నట్టే అన్నారు. ఒకే పాటను 1,500 సార్లు తిప్పినా సరే. ఒకే బంతిని నూరుసార్లు రీప్లే చూసి సెంచరీ రాసుకున్నట్టు.)

నిజానికి ఆల్బమ్‌కు ఆట లక్షణం ఆది నుంచీ ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులను ఫోటోల ఆల్బమ్ మాదిరి అట్టల మధ్య కుట్టి అమ్మడం వల్ల ఆ పేరు నిలిచింది. 1948లో కొలంబియా వారు నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డును తెచ్చాక పక్కకు ఇరవై రెండు నిమిషాల చొప్పున రెండు ఇన్నింగ్సులు ఏర్పడ్డాయి. నడుమ లేచి రికార్డును తిరగవేయడం టీ విరామం. 1982లో వచ్చిన సీడీ ఆ విరామాన్ని మింగేసింది. అయినా నలభై నాలుగు నిమిషాల కొలత మాత్రం నేను వినే ఆల్బమ్‌లలో చాలావాటిని ఇంకా వదల్లేదు. ఈ నలభై నాలుగును దయచేసి గుర్తుంచుకోండి. నా కేసంతా దాని మీదే నడుస్తుంది.

ఎందుకంటే నేను ఆల్బమ్‌లు వినేది కొండ ఎక్కుతూ. కొండల మీద తమరి పీడ ఉండదనుకున్నాను. తీరా చూస్తే తమరి అన్నగారు అక్కడ ఎప్పుడో తిష్ఠ వేశారు. 1891లో సర్ హ్యూ మన్రో అనే పెద్దమనిషి స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన శిఖరాలకు ఒక జాబితా తయారుచేశారు. అంతే, కొండల మీద తిరగడం పోయి కొండలకు టిక్కు పెట్టడం వచ్చింది. పాపం, ఆ మన్రో గారే తన జాబితాను పూర్తిచేయకుండా 1919లో కన్నుమూశారు. నేటి లెక్క 282 శిఖరాలు. 2012లో ఒక శిఖరాన్ని తిరిగి కొలిస్తే 3,000 అడుగులకు అర మీటరు లోపు తక్కువ వచ్చిందని, దానిని నిర్దాక్షిణ్యంగా కింది డివిజనుకు దింపేశారు. కొండ మాత్రం కదల్లేదు. ఈ వార్త చదివి, రెలిగేషన్ బాధ తెలిసినవాణ్ణి గనుక, ఆ కొండకు నా సానుభూతి తెలియజేసుకుంటున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మన్రోతో పాటు అదే పర్వతారోహణ సంఘంలో విలియం నైస్మిత్ అనే ఆయన ఉండేవారు. (బాస్కెట్‌బాల్‌ను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేరు. కాని ఒకే ఇంటిపేరు వారు ఇద్దరు, ఏడాది తేడాలో, ఒకరు ఆటకూ ఒకరు నడకకూ నియమాలు రాయడం నాబోటి వాడికి దైవసంకల్పంగానే తోస్తుంది.) విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇది: నడిచే ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకొక గంట. నేను ఎక్కే కొండకు దారి మైలున్నర, ఎత్తు వెయ్యి అడుగులు. అరగంటా అరగంటా కలిపి సరిగ్గా గంట. అరవై నిమిషాల ఎక్కుడులో మొదటి ఆల్బమ్ నలభై నాలుగో నిమిషానికి ముగుస్తుంది. రెండో ఆల్బమ్‌లోని తొలి నాలుగు పాటలు మిగిలిన పదహారు నిమిషాలలో పడతాయి. ఆ పదహారు నిమిషాలలో ఉన్నది ఏమిటంటారా? కొండ మొత్తంలోకీ నిటారైన ముక్క, కాలు పెడితే జారే గులకరాళ్లు, రెండు చేతులూ పట్టుకోవలసిన ఒక బండ.

ఈ ఏడాది పద్నాలుగు సార్లు ఎక్కాను, ప్రతిసారీ నోటుపుస్తకంలో మార్కులు వేశాను. నా ఇష్టమైన ఆల్బమ్ నాలుగో పాట దగ్గర ఇలా రాసి ఉంది: ‘నత్తనడక, గాయకుడికి ఊపిరి చాలడం లేదు.’ ఊపిరి చాలనిది గాయకుడికి కాదు. ఆ పాట చివర వాద్యాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుని ఒంటరి వయొలిన్ మిగిలే చోట నాకు వినిపించింది నా రొప్పూ, బూట్ల కింద రాళ్ల గరగరా. సరిగ్గా అప్పుడే చేతి గడియారం నోరు తెరిచి, నా వేగం గత వారం కన్నా తగ్గిందని చెప్పింది. చెమటకు ఎడమ చెవిలోని ఇయర్‌ఫోను జారింది. బండను వదిలి దానిని పట్టుకున్నందుకు మోకాలు గీరుకుపోయింది. ఆల్బమ్‌కు రెండు మార్కులు కోశాను.

నవంబరులో పుస్తకమంతా తిరగేస్తే గుట్టు బయటపడింది. తమరి పట్టికలో మొదటి మూడు స్థానాలు గెలిచిన ఆల్బమ్‌లు మూడూ నేను కొండ దిగుతూ విన్నవి. చివరి మూడూ ఆ పదహారు నిమిషాలలో బరిలోకి దిగినవి. ఇంతకాలం నేను సంగీతానికి ర్యాంకులు ఇస్తున్నానని తమరూ నేనూ అనుకున్నాం, ఇచ్చింది వాలుకు. టాసు గెలిచి దిగుడు ఎంచుకున్నవాడిదే మ్యాచ్. ఇష్టమైనది అన్నిసార్లూ రెండో వంతులోనే ఎందుకు పడిందంటే, శిఖరం చేరే వేళకు చెవిలో అదే ఉండాలని ప్రేమకొద్దీ దాచిపెట్టేవాణ్ణి. పచ్చిక దట్టంగా ఉన్న పిచ్ మీదకు సొంత కొడుకునే ఓపెనరుగా పంపిన కోచ్‌ను నేను.

ఆటగాడికి అన్యాయం జరిగితే అప్పీలుకు దారి ఉంటుంది. వాన పడిన మ్యాచ్‌లను తేల్చడానికి 1997 నుంచి వాడుకలో ఉన్న డక్‌వర్త్-లూయిస్ (ఇప్పటి పేరు డక్‌వర్త్-లూయిస్-స్టెర్న్) పద్ధతి రెండు వనరులు చూస్తుంది: మిగిలిన ఓవర్లు, చేతిలోని వికెట్లు. నేను వాటి స్థానంలో మిగిలిన ఎత్తునూ, ఒంట్లో ఉన్న ఊపిరినీ పెట్టి, పద్నాలుగు ట్రెక్కులకూ మార్కులు సవరించాను. నా ఆల్బమ్ నాలుగు నుంచి రెండుకు ఎగబాకింది. విజయగర్వంతో, ఇక వాలే లేని తటస్థ వేదిక మీద తుది పరీక్ష పెడదామని, ఇంట్లో కుర్చీలో కూర్చుని, గడియారం తీసి సొరుగులో పడేసి, ఆల్బమ్‌ను మొదటి నుంచి విన్నాను.

తొలి నాలుగు పాటలు నిజంగానే నత్తనడకగా ఉన్నాయి. వయొలిన్ బాగానే ఉంది, అంతకు మించి ఏమీ లేదు. ఐదో పాట నుంచి నాకు అంత ప్రాణప్రదంగా తోచినదంతా, కొండ మీద ఐదో పాట వేళకు నేను శిఖరం చేరి, గాలికి చెమట ఆరుతూ, కాళ్లు చాపుకుని కూర్చోవడమేనని అనుమానం పట్టుకుంది. కుర్చీ లెక్క ప్రకారం దాని స్థానం ఆరు. సవరించిన లెక్కలో రెండు, కుర్చీలో ఆరు, పుస్తకంలో నాలుగు.

అందుచేత జాబితా గారూ, తమరు కోరిన పత్రాన్ని దీనితో జతపరిచాను. పేరు పక్కన ‘పిచ్’ అని ఒక గడి అదనంగా గీశాను. ఎక్కుడా, దిగుడా, కుర్చీయా అన్నది అందులో ఉంటుంది. దానిని కొట్టివేయవద్దని మనవి. నాలుగో స్థానం నాలుగుగానే ఉంచాను. రీప్లేలో ఎటూ తేలనప్పుడు మైదానంలో ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. ‘అంపైర్స్ కాల్’ అంటారు. నిబంధన ప్రకారం అటువంటప్పుడు రివ్యూ, అంటే తీర్పును మళ్లీ ప్రశ్నించే అవకాశం, కూడా చేజారదు గనుక, మోకాలు సహకరిస్తే దానిని వచ్చే ఆదివారం కొండ దిగేటప్పుడు వాడుకుంటాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి సెలెక్షన్ కమిటీ ఏకైక సభ్యుడు

తా.క.: పదకొండో ఆల్బమ్‌ను పన్నెండో ఆటగాడిగా నమోదు చేశాను. పదకొండోవాడు పన్నెండోవాడు ఎలా అయ్యాడని మాత్రం అడగకండి.