ఎలైట్ ఫుట్‌బాల్ అకాడమీ వారి సముఖమునకు

మహారాజశ్రీ ఎలైట్ యూత్ ఫుట్‌బాల్ అకాడమీ వారికి, అనంతపురం నుండి పదకొండేళ్ల కుర్రవాడి తండ్రి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ కరపత్రం అందింది. అట్ట మీద మెస్సీ బొమ్మ ముచ్చటగా ఉంది. అయితే అర్జెంటీనా నుండి పదమూడేళ్ల వయసులో బార్సిలోనాకు చేరిన ఆ బాలుడి ఎదుగుదల లోపానికి జరిగిన హార్మోను చికిత్స ఖర్చును క్లబ్బే భరించిందన్న చిన్న సంగతి, అచ్చుపొరపాటు వల్ల కాబోలు, అందులో ఎక్కడా కనబడలేదు. అక్కడ క్లబ్బు పిల్లవాడి మీద పెట్టుబడి పెట్టింది. తమరు ఆ పద్ధతిని తిరగేసి, పిల్లవాడి చేతనే అకాడమీ మీద పెట్టుబడి పెట్టిస్తున్నారు.

ఇక లాభాల మాట. ఒప్పందకాలం ముగియకముందే ఆటగాడు ఒక దేశపు క్లబ్బు నుండి మరో దేశపు క్లబ్బుకు మారితే, చెల్లించే బదిలీ రుసుములో 5 శాతాన్ని అతనికి 12వ ఏటి నుండి 23వ ఏటి వరకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులు పంచుకోవాలని ప్రపంచ ఫుట్‌బాల్ పాలక సంస్థ ఫిఫా నిబంధన ఉంది. 15వ ఏటి వరకు ఏడాదికి పావు శాతం, ఆ తరువాత ఏడాదికి అర శాతం చొప్పున. ఆ పట్టికను కళ్లద్దాలు తుడుచుకొని మరీ చదివాను. తండ్రికి గడి లేదు. మావాడు కోట్లు పలికితే వాటా శిక్షణ ఇచ్చినవారిది, పలకకపోతే అప్పు నాది.

మీ ‘స్పెయిన్ ట్రయల్స్’ ప్యాకేజీ నన్ను మరింత ఆకర్షించింది. 18 ఏళ్లు నిండని ఆటగాళ్ల దేశాంతర బదిలీని, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అదే ఫిఫా నిషేధించింది కనుక, అక్కడి కోచ్ మావాడి ఆటకు మురిసిపోయి కౌగిలించుకొన్నా చేర్చుకొనే దారి దాదాపు లేదు. దీనిని తీర్థయాత్ర అని ప్రకటించి ఉంటే మా అమ్మ కూడా బయలుదేరేది.

పుట్టిన ఏడాదిని బట్టి జట్లు కట్టే చోట జనవరిలో పుట్టిన పిల్లలు, కొన్ని నెలలు పెద్దవారు కావడం వల్ల, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవారికన్నా ఎక్కువగా ఎంపికవుతారని పరిశోధకులు పదేపదే తేల్చారు. మావాడు డిసెంబరు వాడు. ఈ లోపానికి మీ వద్ద ప్రత్యేక కోచింగ్ ఉంటే దాని ఫీజు కూడా తెలుపగలరు. (వేరుశనగకు పేరుపడ్డ జిల్లాలో మీ ఆహార పట్టిక అవకాడోతో మొదలుకావడం గురించి మరో ఉత్తరం రాస్తాను.)

మీ వల్ల మేలే లేదనను. మావాడు ఫోను పక్కన పెట్టి తెల్లవారుజామునే లేస్తున్నాడు. ఓడిన రోజు ఏడుపు దిగమింగి ఎదుటి జట్టువారితో చేయి కలుపుతున్నాడు. ఇది మా ఇంట్లో ఎవరికీ నేర్పడం చేతకాలేదు. కాని ఇదే ఊళ్లో, ఇదే ఎండలో, ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వారి క్రీడాగ్రామంలో పల్లెల నుండి వచ్చిన పేదపిల్లలు ఇదే ఆట నేర్చుకొన్నారు. అందుకోసం వారి తల్లుల గాజులు తాకట్టుకు పోవలసిన పని పడలేదు.

కావున నా విన్నపం ఒక్కటే. ఇప్పటివరకు మీ వద్ద ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానారు, ఎందరికి ఏ క్లబ్బుతోనైనా ఒప్పందం కుదిరింది అన్న లెక్కను ఒక కాగితం మీద పంపండి. అది అందేవరకు రెండవ విడత ఫీజు నా వద్దనే భద్రంగా ఉంటుందని మనవి.

ఇట్లు,
రశీదులలో మాత్రమే పేరు కనబడే
ఒక తండ్రి