రాళ్ల కోసం నాలుగు ముద్దలు

నగర శివార్లలోని ఒక శిల్పవనానికి పదేళ్లు నిండాయి. పదేళ్లు నిండితే రాయి ఏం చేస్తుందని అడక్కండి. రాయి ఏమీ చేయదు. దాని తరఫున మనం భోంచేయాలి. ఆ నిధుల సేకరణ విందుకు మా బావమరిది కంపెనీ విరాళం కింద పది కుర్చీల టేబుల్ ఒకటి కొంది. పదో మనిషికి జ్వరం రావడంతో, కళలంటే నాకెంత ప్రాణమో మా బావమరిదికి హఠాత్తుగా గుర్తొచ్చింది.

ఆహ్వాన పత్రిక మందం చూస్తే మా అమ్మాయి శుభలేఖ సిటీ బస్సు టికెట్టులా అనిపించింది. పైన ‘శిలలను కాపాడుకుందాం’ అని ఉంది. కింద ‘వ్యాలే పార్కింగ్ కలదు’ అని ఉంది. వేసుకోవాల్సిన రంగు గ్రానైట్ గ్రే. నా దగ్గర ఆ రంగులో ఉన్నది స్కూటర్ కవరొక్కటే. కాబట్టి తెల్ల చొక్కాతో వెళ్లాను, ఇద్దరు ముగ్గురు నన్ను మంచినీళ్లు అడిగారు.

రాళ్లకు డబ్బెందుకని వెటకారం చేసేవాళ్లుంటారు. వాళ్లకు నిర్వహణ అంటే తెలియదు. నాచు గీకాలి, పావురాల రెట్ట కడగాలి, లాన్‌కు ట్యాంకర్ తెప్పించాలి, వాచ్‌మన్‌కు జీతమివ్వాలి. ఇవన్నీ నిజమైన ఖర్చులే, నేను కాదనను. వచ్చిన డబ్బులో పూలకెంత, లైట్లకెంత, యాంకరమ్మకెంత అని లెక్క మొదలుపెట్టాను కానీ, మా బావమరిది నా నోట్లో పనీర్ టిక్కా పెట్టాడు.

మా టేబుల్ దగ్గర కళ గురించి గంభీరమైన చర్చ జరిగింది. అంటే విరాళాలకు ఆదాయపు పన్నులో మినహాయింపునిచ్చే 80జి సెక్షన్ గురించి. 2,000 రూపాయలు దాటి నగదు ఇస్తే పన్ను మినహాయింపు రాదు కాబట్టి అందరూ ఫోన్లు తీసి స్కాన్ చేశారు. రసీదు కూడా వచ్చాక, ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడికి తాను కొత్త పన్ను విధానంలో ఉన్నానని గుర్తొచ్చింది. అందులో 80జి లేదు. ఆ క్షణాన అతని మొహంలో కనిపించిన నిశ్చలత ఆ తోటలోని ఏ శిల్పానికీ లేదు.

ముఖ్య అతిథి గారు వస్తున్నారని దారి మలుపులో ఉన్న ఒక స్త్రీ శిల్పానికి చీర చుట్టారు. భుజం దగ్గర పిన్నీసు పెట్టబోతే రాయి ఒప్పుకోలేదు, సెల్లోటేపు అంటించారు. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో రెబెకా శిల్పం ఉంది, చూసే ఉంటారు. ఇటలీ శిల్పి బెంజోనీ చేతి పని, మొదటి సాలార్‌జంగ్ 1876లో కొని తెచ్చింది. మొహం మీది పల్చటి మేలిముసుగు కూడా పాలరాయే. బెంజోనీకి రాతిలోంచి గుడ్డ తీయడానికి ఎన్నాళ్లు పట్టిందో గానీ, మనవాళ్లకు గుడ్డలోకి రాతిని పంపడానికి పది నిమిషాలు పట్టలేదు.

ఈలోగా గేటు దగ్గర చిన్న గొడవ. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయనను చేతికి బ్యాండ్ లేదని ఆపేశారు. లోపలున్న రెండు శిల్పాలు ఆయన చెక్కినవే, ఆ రాత్రి సన్మానం కూడా ఆయనకే. చివరికి లోపలికి తెచ్చి, జనరేటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేనూ అక్కడే చేరాను. అక్కడైతే యాంకరమ్మ వినబడదు.

మంచి రాయిని ఎలా గుర్తుపడతారని అడిగాను. వేలి కణుపులతో పక్కనున్న దిమ్మను రెండుసార్లు కొట్టాడు. “ఇను సామీ. గంట మాదిరి మోగితే పురుష శిల. తాళం మాదిరి మోగితే స్త్రీ శిల. ఏం పలకలేదంటే నపుంసక శిల. పగులుంటే అదే చెప్తాది.”

తర్వాత వేదిక మీదికి పిలిచి, పేరును మూడు రకాలుగా పలికి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చారు. ఫైబర్‌తో చేసిన నటరాజు. తిరిగొచ్చి కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, అలవాటు కొద్దీ కణుపుతో ఒకసారి కొట్టాడు. టప్ మంది. ఏమీ అనకుండా సంచిలో పెట్టుకున్నాడు.

“సామీ, పదకొండుకు బస్సుంది. అన్నం యాడ పెడతాండారు?”

ఆ తర్వాత వేలం. రాయి పేరు ‘శూన్యం’. ఎటు కొలిచినా రెండున్నర అడుగులున్న గ్రానైట్ దిమ్మ, మధ్యలో చిన్న గుంట. ఘనపు మీటరు గ్రానైట్ దాదాపు 2.7 టన్నులు తూగుతుంది, కాబట్టి ఆ శూన్యం బరువు టన్నుకు పైమాటే. దాన్ని పాడుకున్నది ఎవరనుకున్నారు? మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ. పోయినేడు మా అమ్మ రుబ్బురోలు బాల్కనీలో ఉంటే స్లాబు మీద బరువని నోటీసిచ్చిన మనిషి. చప్పట్ల మధ్య ఆయన నా చెవిలో అడిగిన మొదటి ప్రశ్న, “ఇదే డిజైన్ ఫైబర్‌లో దొరుకుతుందా సార్?”

బయటికొచ్చి మా బావమరిది కారు కోసం నిలబడ్డాను. ఇంత విశాలమైన పార్కింగ్ ఎలా దొరికిందని వ్యాలే కుర్రాణ్ని అడిగాను. “ఇక్కడ రెండు పెద్ద గుండ్లుండె సార్. పోయిన నెల పేల్చిండ్రు. గందుకే జాగ అయింది” అన్నాడు.

దీన్ని తొందరపడి తప్పు పట్టకూడదు. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయి, గుండు మీద గుండు నిలబడింది. దుర్గం చెరువు దగ్గరా ఖాజాగూడ గుట్టల మీదా అవే, సెంట్రల్ యూనివర్సిటీలోని పుట్టగొడుగు రాయీ అదే. కానీ నిర్వాహకుల ఇబ్బంది కూడా చూడాలి. చెక్కినవాడి పేరు లేదు, ప్రారంభోత్సవం జరగలేదు, శిలాఫలకం లేదు, వార్షికోత్సవం ఏ తారీఖున చేయాలో తెలియదు. పాన్ కార్డు లేని రాయికి 80జి రసీదు ఎవరిస్తారు? 1996లో ఈ ఊళ్లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అని ఒక సంఘం పెట్టుకుని, జనాన్ని రాళ్ల మధ్య నడవడానికి తీసుకెళ్తున్నారు. నడిపిస్తే ఎలాగండీ? కూర్చోబెట్టి వడ్డించాలి. 250 కోట్ల కొవ్వొత్తులు పట్టే కేకు కావాలంటే బేకరీవాళ్లు కూడా ముందుకొస్తారు.

‘శూన్యం’ మంగళవారం మా అపార్ట్‌మెంట్‌కు వచ్చింది. లిఫ్టులో ‘8 మంది, 544 కిలోలు’ అని రాసి ఉంటుంది. ఆరుగురు హమాలీలు ఆ బోర్డునూ రాయినీ మార్చి మార్చి చూసి, సెల్లార్‌లో విజిటర్స్ పార్కింగ్‌లో దించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. రెండు బైకులు తీయాలని వాట్సాప్‌లో నోటీసొచ్చింది. అందులో ఒకటి నా స్కూటర్, గ్రానైట్ గ్రే కవర్‌తో సహా.

శుక్రవారానికల్లా ఇస్త్రీ అతను దాని మీద దుప్పటి పరిచాడు. ఎత్తు సరిగ్గా సరిపోయిందట, గుంటలో నీళ్ల గిన్నె కూడా కదలకుండా కూర్చుంటుందట. నిన్న సెక్రటరీ గారి ప్యాంట్లు నాలుగూ దాని మీదే అయ్యాయి.