సవరణ: కళింగ బహుమతి మొదట అందుకున్న భారతీయుడు యశ్‌పాల్ కాదు

సైన్సును మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పేవాళ్లకి యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి.

మొదటిది, దాన్ని అందుకున్న తొలి భారతీయుడు భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అన్నాను. కాదు. ఆయనకి వచ్చింది 2009లో. దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' అనే సైన్స్ కార్యక్రమం చూస్తూ పెరిగినదాన్ని, పిల్లలు అడిగిన ప్రశ్నకి ఆయన నవ్వుతూ, తడుముకోకుండా జవాబు చెప్పడం ఇంకా కళ్లముందే ఉంది, అందుకే సరిచూసుకోకుండా ఆయన పేరే రాసేశాను. అసలు మొదట అందుకున్నది 1963లో జగ్‌జీత్ సింగ్. ఆయన ల్యాబ్‌లో పనిచేసే శాస్త్రవేత్త కూడా కాదు, రైల్వే అధికారి! ఉద్యోగం చేసుకుంటూనే గణితం, విశ్వం గురించి పుస్తకాలు రాశారు. ఈ పేరు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి, నాకైతే చాలా బాధేసింది.

రెండోది, ఈ బహుమతికి డబ్బిచ్చింది ఒడిశా ప్రభుత్వం అన్నాను. 1951లో విరాళం ఇచ్చింది బిజూ పట్నాయక్, అప్పటికి ఆయన ఇంకా ఒడిశా ముఖ్యమంత్రి కాలేదు.

మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టర్‌గా ఉండగా డి. బాలసుబ్రమణియన్ గారికి 1997లో వచ్చిందన్నది మాత్రం సరైనదే.