మాడ్యులర్ కిచెన్‌లో పొయ్యి వెలిగించరాదు

గోదావరి డెల్టాలో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లు ఇప్పుడు ఒక నియమాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. వంటగదికి ఎంత ఖర్చు పెడితే, వంట దానికి అంత దూరంగా చేయాలి. దీన్ని కొందరు ఎగతాళి చేస్తున్నారు. నేను మాత్రం గట్టిగా సమర్థిస్తున్నాను.

అమలాపురంలోనో భీమవరంలోనో కొత్త వంటగది ఉన్న ఇంటికి వెళ్లండి. కాఫీ కన్నా ముందు సొరుగు చూపిస్తారు. "ఆయ్, ఓసారి తోసి వదిలేయండి, అంతే." తోస్తాం. సగం దూరం విసురుగా వెళ్లి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నెమ్మదిగా మూసుకుంటుంది. ఇంటాయన మన మొహం వంకే చూస్తుంటారు. "చప్పుడొచ్చిందాండీ?" రాలేదంటాం. మళ్లీ తోయమంటారు. అందులో ఏం పెట్టారని మాత్రం అడక్కూడదు. పసుపు మరక పడుతుందని ఏమీ పెట్టలేదు.

వంటంటారా, పెరట్లో రేకుల షెడ్డు కింద అవుతోంది. అవక ఏం చేస్తుంది? దిబ్బరొట్టికి గిన్నె కిందా నిప్పులుండాలి, మూత మీదా నిప్పులుండాలి. అప్పుడే అంచులు ఎర్రగా కాలి పెచ్చు కడతాయి, లోపల మెత్తగా ఉడికి చెరుకు పానకాన్ని పీల్చుకుంటుంది. మూత మీద నిప్పులు పోసుకునే ఇండక్షన్ స్టవ్ నాకింకా కనపడలేదు. పూతరేకులకైతే బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డతో కుండ మీద ఒక్క తుడుపు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఇచ్చినవాళ్లు కూడా చిమ్నీ ఊసు ఎత్తి ఉండరు. సముద్రం నుంచి వరద నీటికి ఎదురీది వచ్చిన పులసకు సైతం ఆ తెల్లటి గ్రానైట్ గట్టు ఎక్కే యోగం లేదు. పుస్తెలమ్మి కొన్నా సరే, దాని మర్యాదలన్నీ పెరట్లోనే.

ఇక జ్ఞాపకాలు. వీటికి స్థలం డైనింగ్ టేబుల్. మండువా ఇంటి ఫొటో కింద కూర్చుని, పులుసు కలుపుకుంటూ, "మా మామ్మ కట్టెలపొయ్యి మీద వండేదండీ, ఆ రుచి ఇప్పుడెక్కడిది!" అని నిట్టూరుస్తారు. ఆ మామ్మగారే పెరట్లో ఊదుగొట్టం పక్కన పెట్టి, "ఒరేయ్, ఇంకో ముక్క వెయ్యమంటావా?" అని కేకేస్తారు. ఫాల్స్ సీలింగ్ కింద ఏసీ చప్పుడుకి ఆ కేక వినపడదు.

ఈ ఏర్పాటంతా సజావుగా సాగుతుండగా, పెరట్లో కూడా పేవర్ బ్లాకులు పరిచి నాలుగు కుర్చీలు వేయించమని డిజైనర్ సలహా ఇచ్చారట. పొగ తగిలితే బ్లాకుల రంగు పోతుందట. అంటే ఇక పొయ్యి కాలవగట్టు మీదకి వెళ్లాలి. గట్టేమో ఇరిగేషన్ వాళ్లది. పర్మిషన్‌కి అర్జీ రాసే పని నాకు అప్పగించారు. కారణం అన్నచోట "వంటగది పాడవకుండా" అని రాశాను.