అమ్మే ముందు అటక దించాలి

హైదరాబాద్‌లో పాత ఫ్లాట్లు అమ్మకానికి పెట్టే వెబ్‌సైట్లలో ఫోటోలు కాసేపు చూడండి. అమ్ముతున్నది రెండు పడగ్గదుల ఇల్లు. ఫోటోలో కనిపించేది మాత్రం దివాన్ మీద మడతపెట్టని బట్టలు, బీరువా మీద సూట్‌కేసులు, వాటి మీద ఎప్పుడో టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, బాల్కనీలో పగిలిన బకెట్లు, గాలి పోయిన పిల్లల సైకిల్. గోడ ఏ రంగులో ఉందో తెలియదు, కిటికీ ఎంత పెద్దదో తెలియదు. చదరపు అడుగుకు ఇన్ని వేలని గట్టిగా ధర చెప్పే యజమాని, ఆ అడుగుల్లో చాలావాటిని కొనడానికి వచ్చినవాళ్లకు చూపించనే లేదు.

ఇల్లు అమ్మాలనుకోగానే మనవాళ్లు ముందు పెయింటర్‌కు ఫోన్ చేస్తారు. సామాన్ల సంగతి ఇల్లు మారే రోజు చూసుకోవచ్చులే అంటారు. ఈ వరస తిరగబడాలని నా అభిప్రాయం. ఏది మనతో వస్తుంది, ఏది ఎవరికి ఇస్తాం, ఏది పారేస్తాం అన్నది ఇంట్లోవాళ్లంతా కూర్చుని తేల్చుకున్నాకే ఇల్లు బేరానికి పెట్టాలి. కొనేవాళ్ల కంటికి ఇల్లు విశాలంగా కనబడటం ఇందులో ఒక లాభం. అంతకన్నా పెద్ద లాభం అమ్మేవాళ్లకే ఉంది. ముప్పై ఏళ్లు దాచుకున్న వస్తువు మీద నిర్ణయాన్ని చివరి రోజు ప్యాకర్స్ కుర్రాళ్ల చేతికి వదిలేయకుండా, తీరిగ్గా తామే తీసుకోగలుగుతారు.

అమెరికాలో అమ్మే ముందు ఇంటిని ముస్తాబు చేయడం ఒక వ్యాపారం. స్టేజింగ్ అంటారు. సోఫాలు, లైట్లు, గోడకు తగిలించే పటాలు అద్దెకు తెచ్చి పెడతారు. కుటుంబ ఫోటోలు తీసేయమంటారు, ఇంట్లో వంట వాసన లేకుండా చూసుకోమంటారు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఇల్లు అమ్మిన తెలుగువాళ్లకు ఈ తతంగమంతా తెలుసు. అక్కడి మార్కెట్‌కు అది సరిపోతుందేమో గానీ, కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న ఇరవై ఏళ్ల ఫ్లాటుకు నప్పదు. ఇక్కడ కొనేవాళ్లు సోఫా చూసి మనసు పారేసుకోరు. అమ్మానాన్నలను, బావమరిదిని, ఒక్కోసారి వాస్తు తెలిసిన పెద్దాయనను వెంటబెట్టుకుని వస్తారు. కుళాయి తిప్పి చూస్తారు. మున్సిపల్ నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎండాకాలంలో బోరు ఆగిపోతుందా, కారు పార్కింగ్ దస్తావేజులో రాసి ఉందా, యూడీఎస్, అంటే స్థలంలో ఫ్లాటుకు వచ్చే విడదీయని వాటా, ఎన్ని గజాలు అని అడుగుతారు. వాళ్లకు కావలసింది నాలుగు గోడలూ నాలుగు మూలలూ కళ్లారా చూడటం.

ఆ మూలల్లో మనవాళ్లు ముందు చూసేది ఈశాన్యం. అక్కడ బరువు ఉండకూడదని, బీరువాలాంటి బరువులు నైరుతిలో ఉండాలని వాస్తు నమ్మేవాళ్లు అంటారు. నమ్మకం ఉన్నా లేకపోయినా, అమ్మేవాళ్లు ఈశాన్యం మూల పాత చెప్పుల స్టాండు, ఖాళీ సిలిండర్, న్యూస్‌పేపర్ల కట్టలు పేర్చి ఉంచితే వచ్చినాయన మొహంలో రంగు మారిపోతుంది. ఇంకో చిన్న సంగతి. ఇప్పుడు అందరూ ఫోన్‌లోని దిక్సూచితోనే దిక్కులు చూస్తున్నారు. ఇనుప బీరువాకు దగ్గరగా నిలబడి ఫోన్ పట్టుకుంటే ఆ ముల్లు పక్కకు లాగుతుంది, సరిగ్గా తూర్పుకే ఉన్న గుమ్మం ఆగ్నేయానికి తిరిగినట్టు చూపించవచ్చు. ఇంటి మధ్య భాగాన్ని ఖాళీగా ఉంచి, ఇనుప సామాన్లకు దూరంగా నిలబడి చూడమని చెబితే ఒక అపోహ అక్కడితో పోతుంది. ఎవరినీ మోసం చేయకుండా, రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగే పని ఇది.

ఫోటోల విషయంలో మాత్రం అమెరికా సలహాను సగమే తీసుకోవాలి. దేవుడి గదిని తీసేయనక్కర్లేదు. నూనె మరకలు, అగరుబత్తి పొగతో నల్లబడిన గోడ తుడిచి, ఎండిన పూలు తీసేస్తే చాలు. హాల్లో దండ వేసిన తాతగారి ఫోటో సంగతి అంత తేలిక కాదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు దాని ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఆయన ఈ ఇంట్లోనే పోయారా అన్న ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని లోపలి గదిలోకి మార్చడానికి ఇంట్లో పెద్దావిడకు మనసు ఒప్పకపోవచ్చు. ఆమె వద్దంటే ఆ ఫోటో అక్కడే ఉండనివ్వండి, ఫోటో వల్ల పోయే బేరం ఎలాగూ నిలిచేది కాదు. ఆమె గుడికి వెళ్లిన సమయం చూసి తీసేయడం మాత్రం నా దృష్టిలో క్షమించలేని పని.

ఇక అటక. తెలంగాణలో సజ్జ అన్నా, ఫ్లాట్లలో లాఫ్ట్ అన్నా అందులో ఉండేవి దాదాపు అవే. ముందు వరసలో నిన్నమొన్నటివి: మిక్సీ, ఫోన్, ఎయిర్ ఫ్రయ్యర్ వచ్చిన అట్టపెట్టెలు, గృహప్రవేశాల్లో ఇచ్చిన రిటర్న్ గిఫ్టుల ప్లాస్టిక్ డబ్బాలు. వాటి వెనక పిల్లల ఎంసెట్ మెటీరియల్, సగం రాసిన రికార్డు పుస్తకాలు, పెళ్లి వీడియో క్యాసెట్, అది వేసి చూడటానికి లేని వీసీఆర్ రిమోట్. ఇంకా వెనక్కి చేయి పెడితే ఆవకాయ జాడీలు, బొమ్మల కొలువు బొమ్మలున్న ట్రంకు పెట్టె, అమ్మమ్మ పెళ్లిలో సారె పెట్టిన ఇత్తడి గంగాళం. ముందు నుంచి వెనక్కి వెళ్లేకొద్దీ పారేయడం కష్టమవుతుంది. అందుకే పని ముందు వరస నుంచే మొదలుపెట్టాలి. అట్టపెట్టెలు, థర్మాకోల్ పోతేనే అటకలో సగం చోటు తేలుతుంది, పైగా వాటి మీద ఎవరికీ గొడవ ఉండదు.

పెద్దవాళ్లు దేన్నీ పారేయనివ్వరని పిల్లలు విసుక్కుంటారు. ఆ విసుగు నాకు నచ్చదు. గ్యాస్ కనెక్షన్ కోసం, స్కూటర్ కోసం, ల్యాండ్‌లైన్ ఫోన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం అది. ఒకసారి చేయిజారితే మళ్లీ దొరకదన్న భయంలో సంసారం చేసినవాళ్లకు "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న మాట పిసినారితనం వల్ల రాలేదు. వాళ్లను ఒప్పించే దారి, వస్తువు ఎవరి దగ్గరికి వెళ్తోందో చెప్పడం. గంగాళాన్ని తూకానికి అమ్మేద్దామంటే ఒప్పుకోని అమ్మ, ఊళ్లో చెల్లెలి ఇంట్లో వ్రతాలకు వాడతారంటే ఇచ్చేస్తుంది. మంచం మేనల్లుడి గదికి వెళ్తుందంటే అభ్యంతరం ఉండదు. భోగి నాడు పాతవి వదిలించుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. పాత చీరలిచ్చి స్టీలు సామాన్లు తీసుకున్నదీ మన అమ్మలే. వాళ్లకు వదులుకోవడం చేతకాక కాదు, వృథాగా పోవడం ఇష్టం లేక.

వదిలించుకునే తొందరలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లు. తండ్రి పోయాక తల్లిని తమ దగ్గరికి తీసుకెళ్లడానికో, చిన్న ఫ్లాటులోకి మార్చడానికో కొడుకు రెండు వారాల సెలవు పెట్టుకుని వస్తాడు. జెట్‌లాగ్ తీరేలోపే ఇల్లు ఖాళీ చేయడం మొదలవుతుంది. పాత కాగితాలన్నీ సంచుల్లో కుక్కి కబాడీవాడికి కిలోల లెక్కన ఇచ్చేస్తారు. ఆ కట్టల్లోనే లింక్ డాక్యుమెంట్లు ఉంటాయి. మీ ముందు ఈ ఇల్లు ఎవరిది, అంతకుముందు ఆ స్థలం ఎవరిది అని చెప్పే ఆ దస్తావేజులు లేకపోతే కొనేవాళ్ల బ్యాంకు లోన్ దగ్గర అభ్యంతరం పెడుతుంది. పోలీసు ఫిర్యాదు, పేపర్లో ప్రకటన, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు అంటూ నెలలు గడిచిపోతాయి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఒరిజినల్ పోతే ఒరిజినల్ రాదు.

ఇల్లు కొన్నాక కట్టిన అదనపు గది తాలూకు బిల్లులు, కాంట్రాక్టరుకు ఇచ్చిన చెక్కుల వివరాలు కూడా అలాగే పోతుంటాయి. ఇంటికి చేసిన అలాంటి మూలధన ఖర్చును క్యాపిటల్ గెయిన్స్, అంటే ఇల్లు అమ్మగా వచ్చిన లాభం, లెక్కలో తగ్గించుకోవచ్చు, కాకపోతే రుజువు కావాలి. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటి మీద దేశంలో ఉండేవాళ్లు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు పాత ఖర్చును పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్కల్లో ఏది తక్కువైతే అంత పన్ను కట్టే వీలుంది. ఆ రెండో లెక్క వేయాలంటే ఏ ఏడాది ఎంత పెట్టారో చూపించే కాగితమే ఆధారం. చిరిగిన సిమెంటు బిల్లు అంటూ పారేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నాన్నగారి పాత బ్యాంకు పాస్ పుస్తకాలు, ఎఫ్‌డీ రసీదులు, ఎల్ఐసీ బాండ్లు కూడా విడిగా తీసి పెట్టాలి. పదేళ్లపాటు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు నిధికి జమ చేస్తాయి. అయినా వారసులు అడిగి తీసుకోవచ్చు. అలాంటి డిపాజిట్లు ఏ బ్యాంకులో ఉన్నాయో వెతకడానికి రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెచ్చింది. 1990ల్లో కొన్న కాగితపు షేర్ సర్టిఫికెట్లు దొరికితే అవీ దాచాలి. 2019 ఏప్రిల్ నుంచి వాటిని కాగితం రూపంలో ఇంకొకరికి అమ్మడం కుదరదు, కానీ వారసుల పేరు మీదికి మార్పించుకోవచ్చు. ఇంటి ఖాళీకి కాగితాల పెట్టెతో మొదలుపెడితే ఇవన్నీ చేతికి దొరుకుతాయి. చివరికి వదిలేస్తే ఇవే ముందు పోతాయి.

పారేసేవాటిలో కొన్నింటిని వీధిలో మైకు పెట్టుకుని తిరిగే ఆటోకు ఇవ్వకూడదు. పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. వాటిని రోడ్డు పక్కన పగలగొట్టి రాగి తీసుకునేవాళ్ల చేతుల్లోకి, ఊపిరితిత్తుల్లోకి అవి వెళ్తాయి. ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత రీసైక్లర్‌కు అప్పగించడం కాస్త శ్రమే, అయినా చేయాల్సిన పనే.

ఇల్లు సర్దడం ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలి. పైఅంతస్తు బాత్రూం నుంచి కారిన నీళ్లతో పడగ్గది సీలింగ్ ఉబ్బి ఉంటుంది. దాని మీద పుట్టీ పెట్టి, తెల్ల రంగు వేసి, ఎండాకాలంలో చూపిస్తే ఎవరికీ తెలియదు. తొలకరి వాన పడ్డ నెలకల్లా పసుపు మరక మళ్లీ తేలుతుంది. చెమ్మ పట్టిన గోడకు అడ్డంగా వార్డ్‌రోబ్ జరపడమూ ఇలాంటిదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసీ, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. మన దగ్గర ఈ నిబంధనను తలుచుకునేవాళ్లు తక్కువ. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా వచ్చాక బిల్డర్ల బాధ్యత గురించి అందరికీ తెలిసింది గానీ, ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి అమ్మే పాత ఇంటికి ఆ అండ లేదు. జీవితకాలపు పొదుపంతా పెట్టి కొనే మనిషి దగ్గర మరక దాచడం మంచిది కాదు. లీకు బాగుచేయించి ఆ బిల్లు చూపించండి, లేదా మరక చూపించి ధర మాట్లాడుకోండి.

వేళ గురించి ఒక మాట. ఆషాఢంలో మనవాళ్లలో చాలామంది ఇల్లు మారరు, అగ్రిమెంట్లు రాసుకోరు. శ్రావణం రాగానే చూడటానికి వచ్చేవాళ్లు పెరుగుతారు. అటక దించడానికి ఆ ఆషాఢమే అనువైన నెల. ప్యాకర్స్ వాళ్లు సామాన్ల పరిమాణం, దూరం చూసి రేటు చెబుతారు కాబట్టి, పనికిరానిదాన్ని బబుల్ షీటులో చుట్టించి, లారీలో తీసుకెళ్లి, కొత్త ఇంటి అటకలో పెట్టడానికి కూడా మీ డబ్బే ఖర్చవుతుంది.

అన్నీ తేలాక మిగిలే ఒక గొడవ మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాక మొదలవుతుంది. ఇల్లు చూసిన రోజు ఉన్న గీజర్లు, ఫ్యాన్లు, కిచెన్ చిమ్నీ, ఇన్వర్టర్ తాళాలిచ్చే రోజుకు ఉండవు. అవి మావి, తీసుకెళ్లామని వీళ్లంటారు, వాటిని చూసే ఆ ధర ఇచ్చామని వాళ్లంటారు. ఇందాకటి ఆస్తి బదిలీ చట్టమే 8వ సెక్షన్‌లో ఇల్లు చేతులు మారినప్పుడు తాళాలు, తాళం చెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితోపాటు శాశ్వతంగా వాడుకోవడానికి అమర్చినవన్నీ కొనేవాళ్లకే వెళ్తాయని చెబుతుంది, వేరే ఒప్పందం ఉంటే తప్ప. గోడకు బిగించిన ఏసీ అందులోకి వస్తుందా రాదా అని కోర్టు దాకా వెళ్లే ఓపిక ఇద్దరికీ ఉండదు. గదివారీగా ఏది ఉంటుంది, ఏది వెళ్తుంది అని ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, టోకెన్ అడ్వాన్స్ తీసుకునే రోజే అమ్మకం అగ్రిమెంటుకు జతచేయాలి. అమ్మే ముందే సామాన్ల లెక్క తేల్చుకున్న ఇంట్లో ఆ జాబితా రాయడానికి అరగంట చాలు.